నీటికాకి రాయి దగ్గర ఆగే పడవ

నీటికాకి రాయి పేరెత్తితే చాలు, ఆ దీవిలో ఆడవాళ్లు పక్కకి తిరిగి థూ అని ఉమ్మేవాళ్లు. పోటు మీద అక్కడ నీళ్లు సుడి తిరుగుతాయి, నిజమే. జనం హడలిపోయేది సుడికి కాదు. అక్కడ మునిగినవాడు తోడు కోసం ఇంకొకణ్ణి లాక్కుంటాడట...

ఈ చలికాలం చిల్సుని లాక్కున్నాడు. సముద్రంలో తినే నాచు కోసుకొచ్చి అమ్మే పడుచువాడు, పెళ్లి కూడా కాలేదు. రాయి దగ్గర పడవ ఇంజను చప్పుడు ఆగిపోవడం ఒడ్డు మీదివాళ్లు విన్నారు. తెల్లారేసరికి పడవ ఒడ్డుకొచ్చింది, చిల్సు రాలేదు.

వారం తిరక్కుండా అతని అన్న మన్‌బే అదే పడవ తీశాడు. సరిగ్గా అక్కడే ఆగింది! ఎదురుగాలిలో తెడ్డేసుకుంటూ చచ్చీ చెడీ ఒడ్డుకొచ్చి ఇంజను తాడు లాగితే— ఠక్కున అందుకుంది. వేరేవాళ్ల పడవలు మాత్రం అక్కడ ఆగవు. "తన పడవ కదా, పిలుస్తున్నాడు," అన్నారు ఊళ్లో.

ఆ మాట చిల్సు వదిన ఒక్సిమ్ చెవినా పడింది. చిల్సు పోయిన సాయంత్రం అతన్ని తిట్టింది తనే. "నాచంతా పెట్రోలు కంపు! బేరగాడు మొహాన కొట్టి పోయాడు. సిగ్గులేదుట్రా నీకు?" అని నానా మాటలూ అంది. తనే ఇంజను ట్యాంకు నింపి, మూత గట్టిగా బిగించి, ఇంకో మోపు తెమ్మని మసకచీకట్లో తోలింది. నవ్వుతూ పోయాడు పిచ్చి సన్నాసి. అప్పట్నించీ ఆవిడకి ముద్ద దిగితే ఒట్టు.

నలభై తొమ్మిదో రోజు వచ్చింది. పోయినవాణ్ణి సాగనంపే రోజు. అన్నం, ఎండుచేప, సోజు సారా సీసా పళ్లెంలో సర్దుకుని, రాత్రి మొగుడూ పెళ్లాం ఆ పడవే ఎక్కారు. ఇంజను చక్కగా కొట్టుకుంటోంది.

రాయి నల్లగా కనిపించింది... ఇంజను దగ్గింది... ఆగిపోయింది.

"చూశావుటే..." అన్నాడు మన్‌బే.

తాడు లాగాడు. లాగాడు. ఊహూఁ. పడవ మెల్లగా సుడివైపు తిరుగుతోంది.

ఒక్సిమ్ పళ్లెం పట్టుకుని నీళ్లమీదికి వంగింది. "చిల్సూ... నోటిదురుసు ముండని, తప్పయిపోయింది నాయనా. నన్ను తీసుకుపో, మీ అన్నని వదిలెయ్..."

"నోర్ముయ్యవే! ట్యాంకులో ఉందో లేదో చూడు ముందు!"

ఆవిడ టార్చి వేసి, మూత తిప్పింది.

ఉస్సుమని... నిట్టూర్పు!

మన్‌బే చేతిలో తాడు జారిపోయింది. మళ్లీ తడుముకుని అందుకుని ఒక్కసారి లాగాడు— ఇంజను అందుకుంది!

"విన్నావా? వాడి ఊపిరే!" మన్‌బే భోరుమన్నాడు. "నీ మాట విన్నాడే... నిన్ను క్షమించేశాడే నా తమ్ముడు!"

ఒక్సిమ్ మూతకేసి చూస్తోంది. లోపల మడత పెట్టిన ప్లాస్టిక్ ముక్క. కిమ్చీ పచ్చడి జాడీ వాసన కొట్టకుండా మూత కింద పెట్టుకునేదే. మూత మీద సూదిమొనంత కన్నముంది. కంపు అందులోంచే వస్తోందని ఆ సాయంత్రం తనే మూసింది. గాలి పోవాల్సిన దారీ అదే అని తట్టలేదు. గాలి ఆడక, పెట్రోలు దిగక... మూడు సార్లూ రాయి దాకా వచ్చేసరికి ఇంజను ఆగింది అందుకే. అప్పుడే నింపిన ట్యాంకు మూత చీకట్లో ఎవడు తీసి చూస్తాడు? చిల్సు ఎంతసేపు లాగాడో ఆ తాడు.

ముక్క పీకి గుప్పిట బిగించింది. నీళ్లలో పడేస్తే ఎవరికీ తెలీదు. చెయ్యి చాచింది కూడా.

పడవ రాయి దాటింది. ఇంజను ఆగలేదు.

"ఇంక మనకేం భయం లేదే," అన్నాడు మన్‌బే కళ్లు తుడుచుకుంటూ.

"ఏవయ్యా... ఇంజను ఆపు."

"పిచ్చెక్కిందా? ఇక్కడా?"

"ఇక్కడే ఆపు. వాడి ముందే నీకొకటి చూపించాలి," అంటూ టార్చి వెలుగులో గుప్పిట విప్పింది.