బిందు ఫ్రీయేగా!

గురజాలలో జానకిరామయ్య గారింట్లో తెల్లారితే దేవుడి పేరు కంటే ముందు 'ఫ్రీ' అన్న మాట వినపడుతుంది. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు మాటలు పాతిక ఉంటాయేమో, వాటిలో ఈ ఒక్కదాన్నే పాతిక రకాలుగా వాడతాడు. దొడ్లోంచి వస్తూనే "ఇయ్యాల ఫ్రీగా కాలేదే" అని ఇంటిల్లిపాదికీ ప్రకటిస్తాడు. తర్వాత టీపొడి ప్యాకెట్టు చింపి, స్పూను ఫ్రీగా వచ్చిందా లేదా అని వేలు పెట్టి వెతుకుతాడు. రాకపోతే ఆ టీ ఆయనకు రుచించదు. "మనం ఎవరితోనైనా ఫ్రీగా ఉంటాంలే" అంటూ ఎదురింటి వాళ్ళ పేపరు తెచ్చుకుని, మధ్యాహ్నానికి నలిపి తిరిగిస్తాడు. ఊళ్ళో వాళ్ళకు సలహాలు కూడా ఫ్రీయే. వాటిని ఎవరూ పాటించరు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయొచ్చు. నవ్వు రానిది ఇంకొకటుంది. "బిందు ఫ్రీయేగా!"

బిందు ఆయన కోడలు. పెళ్ళై నాలుగేళ్ళు. కొడుకు సాయికిరణ్ పురుగుమందుల కంపెనీలో పనిచేస్తూ మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరుగుతాడు. ఉద్యోగస్తుడు కాబట్టి అతను బిజీ. జానకిరామయ్య పొలమంతా కౌలుకిచ్చేసి అరుగు మీద కుర్చీ వేసుక్కూర్చుంటాడు. పెద్దమనిషి కాబట్టి ఆయనా బిజీయే. అత్తగారు ధనమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక తెల్లవారుజామున లేచి, వాకిలి ఊడ్చి, వండి, వడ్డించి, ఉతికి, మధ్యలో మామగారికి మూడుసార్లు మజ్జిగ కలిపిచ్చే మనిషి మాత్రం ఫ్రీ.

ఇది చాలదన్నట్టు బిందుకు జాకెట్లు కుట్టడం వచ్చు. వచ్చు అనడం చాలా తక్కువ మాట. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకున్నాక నరసరావుపేటలో పేరున్న దర్జీల దగ్గరికి మళ్ళీ పోయిన ఆడది లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిషను మధ్యగది కిటికీ పక్కన ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకావిడ కుట్టుకూలి ఇవ్వబోతే జానకిరామయ్య అరుగు మీద నుంచి లేచి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? జానకిరామయ్య కోడలు కూలికి కుడుతుందని ఊళ్ళో చెప్పుకోవాలా? ఫ్రీగానే కుట్టిద్ది, తీసుకుపో!"

ఆ రోజు నుంచి బంధువులకూ ఇరుగుపొరుగుకూ పండగైంది. కుట్టినందుకు తాంబూలంలో ఒక జాకెట్టు ముక్క పెట్టి ఇస్తారు. ఆ ముక్క ఎవరికీ చాలదు. అది ఏ జన్మలోనూ జాకెట్టు కాదు. ఒకరి బీరువాలోంచి ఇంకొకరి బీరువాలోకి పసుపుకుంకుమలతో ప్రయాణం చేస్తూనే ఉంటుంది. పైగా ఊరికే కుట్టించుకున్న వాళ్ళే అద్దం ముందు తిరిగి తిరిగి చూసుకుని, "చంక దగ్గర ఇంకాస్త ఫ్రీగా పెట్టాల్సింది బిందూ" అని మూతి విరుస్తారు. వాళ్ళను చూస్తే ఒళ్ళు మండదా మరి?

ఆ శనివారం పొద్దున మాచర్ల నుంచి షాహిదా ఫోను చేసింది. ఆవిడ అక్కడ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డు నడుపుతుంది. ఇరవై మిషన్లు. బిందు చేతిపని ఎక్కడో చూసి, గుడ్డ కత్తిరించే పని చూసుకోవడానికి రమ్మని పదిరోజులుగా అడుగుతోంది.

"బిందమ్మా, సోమవారం పొద్దునకల్లా నువ్వు నా షెడ్డులో ఉండాల. బడులు తెరిచే టైమొస్తాంది. నువ్వు రాకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటా, తర్వాత నన్ను తిట్టుకోబాక."

"వస్తానక్కా. ఇంట్లో చెప్పి ఇయ్యాలే ఫోన్ చేస్తా."

చెప్పింది. జానకిరామయ్య ఇడ్లీ నములుతూ విన్నాడు. మింగేదాకా కూడా ఆగలేదు.

"బస్సు ఫ్రీ చేశారు గదాని ఆడోళ్ళందరూ ఊళ్ళ మీద పడుతున్నారు. నువ్వు కూడానా? అయినా తులశమ్మ కూతురు పెళ్ళి పెట్టుకుని ఉద్యోగమేంది? ముప్పై జాకెట్లు. మా బిందు ఫ్రీగా కుట్టిపెట్టిద్దని మాటిచ్చా నేను."

తులశమ్మ ఆయన చెల్లెలు, నరసరావుపేటలో ఉంటుంది. పెళ్ళి ఇంకా పన్నెండు రోజులు. మాటిచ్చింది ఈయన, కుట్టేది బిందు. గురువారమే రెండు మూటలు దిగాయి. ఒకదాంట్లో కొత్త గుడ్డలు, రెండోదాంట్లో ఆది జాకెట్లు. టేపుతో కొలిపించుకోవడానికి ఎవరికీ తీరిక లేదు కాబట్టి, తమకు సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒక్కొక్కటి కొలతకు పంపించారు. వాటిలో పట్టువీ ఉన్నాయి. బిందు వాటిని పాత చీరలో కట్టి మిషను కింద పెట్టింది.

బిందు భర్త వైపు చూసింది. సాయికిరణ్ పల్లెంలోకి చూస్తూ, "పెళ్ళి అయిపోనీ, అప్పుడు ఆలోచిద్దాం బిందూ" అన్నాడు. పెళ్ళిలో మూడు ముళ్ళేసిన మగాడు, తండ్రి ముందు నోరు మెదపడానికి ముహూర్తం కోసం చూస్తున్నాడు. బిందు లైనింగులూ హుక్కులూ కొనుక్కురావడానికి సంచీ తీసుకుని బజారుకు వెళ్ళింది.

ఆమె తిరిగొచ్చేసరికి జానకిరామయ్య అరుగు మీద మహా సంబరంగా ఉన్నాడు. ఒళ్ళో ఒక పెద్ద స్టీలు బేసిను. వేలితో దాన్ని కొట్టి మోగిస్తున్నాడు.

"చూశావా? పైసా ఖర్చు లేదు. ఫ్రీ! పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆడమనిషి వచ్చింది. ముందు చిన్న గిన్నె ఇస్తానంది. నేనొప్పుకుంటానా? బేరమాడి దీన్నే లాగేశా."

"ఏ బట్టలిచ్చారు మావయ్యా?"

"అయ్యేనమ్మా, నీ మిషను కింద పాతవి మూట గట్టి పెట్టావుగా. ఇంట్లో చెత్త పేర్చుకోగూడదు."

బిందు చేతిలోంచి సంచీ జారింది. లోపలికి పరుగెత్తి మిషను కిందకు వంగి చూసింది. కొత్త గుడ్డల మూట అట్లాగే ఉంది. పాత చీర మూట లేదు. పట్టువీ, నూలువీ, ముప్పైమంది ఆడవాళ్ళ ఆది జాకెట్లు ఒక్క బేసినుకు పోయాయి.

సంగతి తెలిసి సాయికిరణ్ బండి తీసుకుని దాచేపల్లి దాకా వెతికాడు. నడికుడి స్టేషనుకు వెళ్ళి అడిగితే, సామాన్లమ్మే వాళ్ళు గుంటూరు బండెక్కి గంటైందన్నారు. మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ ఉత్తచేతులతో వచ్చాడు.

అప్పుడు జానకిరామయ్య ఏం చేశాడో చెప్పాలంటే నోరు చేదవుతుంది. ఫోను తీసి చెల్లెలికి కలిపాడు. ఏ ఫోనైనా స్పీకరు పెట్టి మాట్లాడడం ఆయనకు అలవాటు.

"తులశమ్మా, చిన్న పొరపాటు జరిగిందమ్మా. ఆది జాకెట్లు మా కోడలు ఎక్కడో పోగొట్టింది. చిన్నపిల్ల, బుద్ధి తక్కువ. నువ్వేమీ అనుకోబాక."

బిందు అక్కడే, రెండడుగుల దూరంలో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఉందని ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. అవతల తులశమ్మ గొల్లుమంది.

"అయ్యో అన్నయ్యా, నా పెళ్ళిచీర మీదికి కుట్టించుకున్న పట్టుజాకెట్టు గూడా అందులోనే ఉంది! ఏందా పిల్ల, ఇంట్లో ఉండి ఆ మాత్రం చూసుకోలేదా?"

బిందు మళ్ళీ భర్త వైపే చూసింది. ఒక్క మాట చాలు. 'నాన్నా, అది నువ్వు చేసింది' అంటే చాలు. సాయికిరణ్ బండి తాళం తిప్పుకుంటూ నేల చూశాడు.

మంచం మీద కూర్చున్న ధనమ్మ లేచింది. గోడ పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"తులశమ్మా, నేను. పోగొట్టింది బిందు కాదు, మీ అన్నయ్య. బేసినుకిచ్చాడు. కోడలివేమో, వచ్చినాక అడగండి అని నేను మొత్తుకున్నా. 'దాన్ని అడిగేదేంది' అన్నాడు."

జానకిరామయ్య మొహం ఎండుమిరపకాయలా ఎర్రబడింది.

"వదినా, మరిప్పుడెట్టా?" తులశమ్మ గొంతు తగ్గింది. "కొలతల్లేకుండా ఎట్టా కుట్టిద్ది?"

బిందు ముందుకొచ్చింది. "పేటత్తయ్యా, కొలతలు నాకు గుర్తున్నాయి. నాలుగేళ్ళుగా మీ అందరికీ కుడుతున్నాగా. మీకు కుడి భుజం కాస్త వాలు. మీ తోడికోడలికి ఆపరేషనైనాక నడుము రెండంగుళాలు పెరిగింది, ఆమె పంపిన జాకెట్టు ఎట్టాగూ సరిపోయేది కాదు. ఒక్కొక్కరివీ రాసి, గుడ్డలతో పాటు రేపు పంపిస్తా."

"నా తల్లే! అయితే కుట్టిపెడతావు గదా?"

"లేదత్తయ్యా. పేటలో ఎవరికైనా ఇచ్చి కుట్టించుకోండి. సోమవారం నుంచి నేను మాచర్ల పనికి పోతున్నా."

ఆ మాటకు జానకిరామయ్య అరుపు వీధి దాకా వినపడింది.

"ఎవర్నడిగి పోతావు? నలుగుర్లో నేనిచ్చిన మాటేం గావాలి? కుట్టేదేమన్నా బ్రహ్మవిద్యా? ఇంట్లో ఫ్రీగా కూసునే దానికి ఇంత పొగరేంది?"

"ఫ్రీగా కూసున్నానా?" అంది బిందు. "మావయ్యా, నేను ఈ ఇంట్లో కూర్చోగా మీరు ఎప్పుడు చూశారు? ఆ మిషను ముందు తప్ప? మీరిచ్చే మాటలకు నా నడుము పోతోంది. మీరు కావాలని చేయలేదు, నిజమే. కానీ మీ తప్పు తీసి నా నెత్తిన పెట్టారు. అది కూడా ఊరికే మోస్తాననేగా?"

"విన్నావంట్రా నీ పెళ్ళాం మాటలు?"

సాయికిరణ్ ఎట్టకేలకు నోరు విప్పాడు. విప్పి ఏమన్నాడు? "బిందూ, ఈ ఒక్కసారికి నాన్న మాట..."

"నోర్ముయ్యరా!" అంది ధనమ్మ.

ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. ఫోను కట్ చేసి తలగడ మీద పడేసి, మోకాళ్ళు పట్టుకుని మంచం అంచున కూలబడింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"ముప్పై ఎనిమిదేళ్ళురా. ఈయన అరుగు మీద కూసోని ఎవర్ని పడితే వాళ్ళని భోజనానికి పిలిచేవాడు. ఎంతమందొచ్చేదీ లోపలికొచ్చి చెప్పేవాడు గూడా కాదు. పొయ్యి ముందు గొంతుక్కూసోనీ గొంతుక్కూసోనీ ఈ మోకాళ్ళు పోయినయ్. ధనా, నీకు కుదురుద్దా అని ఒక్కనాడన్నా అడగలా. పోనీ ఆయనంటే మగాడు. నాకు తెలుసుగా ఆ నొప్పి? తెలిసి గూడా ఈ పిల్లని నేను అడగలా. నా పని తప్పిందిలే, దీనికి పడిందిలే అని హాయిగా మంచమెక్కి కూసున్నా. ఆయన కంటే నేనే పాపిష్టిదాన్ని."

"అత్తయ్యా, ఊరుకోండి" అంటూ బిందు ఆవిడ పక్కన కూర్చుంది.

పెద్దమనిషి తీర్పులన్నీ అరుగు మీదే పనికొస్తాయి, భార్య ఏడుపు దగ్గర పనికిరావు. జానకిరామయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చివరకు ఆయన నోట వచ్చిన మాట ఇది.

"అది పోతే మధ్యాహ్నం నాకు అన్నం ఎవరు పెడతారు?"

"గిన్నెలో ఉంటది. పెట్టుకోండి" అంది ధనమ్మ.

ఆయన ఇంకేదో అనబోయి, కొడుకు కూడా తన వైపు చూడకపోవడం గమనించి, తలగడ మీది ఫోను తీసుకుని, చెప్పులేసుకుని అరుగు మీదకు వెళ్ళిపోయాడు. క్షమాపణ చెప్పాడా అంటే లేదు. అంత పెద్ద మనసు ఆ పెద్దమనిషికి ఇంకా రాలేదు. కానీ కాసేపటికి తన ఫోను నుంచి తులశమ్మకు మళ్ళీ కలిపి, ఈసారి స్పీకరు పెట్టకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "నేనే ఇచ్చానమ్మా" అని చెప్పడం కిటికీలోంచి అందరికీ వినపడింది.

ధనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"సోమవారం ఎన్నింటికి పోవాల?"

"ఎనిమిదింటి బస్సుకు పోతే చాలత్తయ్యా."

"అయితే కూర్చోనే తరిగి వండతా, బాక్సు నేనే కడతా. నీకు ఏ కూరంటే ఇష్టమే?"

బిందు నోరు తెరిచింది. మామగారికి వేపుళ్ళు ఉండాలి, కారం తక్కువ. అత్తగారికి దుంపలు పడవు. సాయికిరణ్‌కు చారు లేకపోతే ముద్ద దిగదు. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తనకేది ఇష్టం?

"చెప్పరా, నీకన్నా తెలుసా?" అని ధనమ్మ కొడుకును అడిగింది.

"వంకాయ..." అన్నాడు సాయికిరణ్ సందేహంగా.

"అది నీకిష్టం" అంది ధనమ్మ.

అతని మొహం పాలిపోయింది. నాలుగేళ్ళు ఆమె పక్కన పడుకున్నాడు, ఆమె వండింది రోజూ తిన్నాడు, ఆమె పల్లెంలోకి ఒక్కసారీ తొంగి చూడలేదు. సిగ్గుపడుతూ "తెలీదమ్మా" అన్నాడు.

"నాకూ గుర్తు రావట్లేదండీ" అంది బిందు. అనగానే ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. పొద్దుట్నుంచి అన్ని మాటలు పడ్డా రాని ఏడుపు, కూర పేరు గుర్తు రానందుకు వచ్చింది. అత్తగారి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

ధనమ్మ ఆమె వీపు నిమురుతూ కొడుకుతో అంది.

"ఒరేయ్, బజారుకు పో. చుక్కకూర, చిక్కుడుకాయ, దొండకాయ, ఏది కనిపిస్తే అది తలా కాస్త పట్రా. రోజుకొకటి వండుతా. ఏదో ఒకరోజు ఇదే అని చెప్పుద్ది."