సున్నాకి రాని ముల్లు

కొందరి భర్తలు పేకాడతారు, కొందరు తాగుతారు, కొందరు పక్కింటివాళ్ళ గొడవల్లో తలదూరుస్తారు. ఇవేవీ లేని ఉత్తముడు దొరికాడని పెళ్ళినాడు పొంగిపోయిన ఆ ఇల్లాలికి, ఆయన పాత కరెంటు మీటర్లు పోగేస్తాడని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు! ఇత్తడి చుట్టున్న వోల్టుమీటర్లు, చెక్కపెట్టెల్లో ఆమ్మీటర్లు, ఎప్పుడో మూతబడ్డ కర్మాగారాల గోడలనుంచి ఊడదీసి తెచ్చినవి... బీరువాలో ఆమె బట్టలకి చోటు లేదు గానీ వాటికుంది. ఆమెకి జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యివేసి చూడని మనిషి, వానలు పట్టగానే ఏ పెట్టెలో తేమ చేరిందోనని ఒక్కొక్కదాని మూత తీసి మరీ పలకరించేవాడు. "నాకూ ఒక ముల్లు బిగించండి. అప్పుడైనా నా వంక చూస్తారు" అని ఆమె అంటే, "నీకు ముల్లెందుకోయ్, నోరుందిగా!" అని నవ్వేవాడు.

ఉద్యోగమంతా విద్యుత్ సంస్థలో మీటర్లు పరీక్షించే గదిలోనే గడిపాడాయన. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పేవాడు కాబట్టి అందరికీ మీటరు మాస్టారు. రిటైరైనా ఒక్క నమ్మకం మాత్రం రిటైరవలేదు... "మనుషులు మాట మారుస్తారు. ముల్లు మార్చదు!"

ఆ నమ్మకమే ఆ ఇంట్లో చిచ్చు పెట్టింది.

ఒక్కగానొక్క కూతురు పెట్టె పట్టుకుని పుట్టింటికొచ్చింది. భర్త చెయ్యి చేసుకుంటున్నాడని తల్లి ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది. అదంతా కట్టుకథ అన్నారు అత్తవారు. మాస్టారు మాత్రం రెండు వైపులా తీగలు తగిలిస్తేనే గానీ కొలత రాదన్నట్టు, "వాళ్ళూ చదువుకున్నవాళ్ళే కదమ్మా... ఇద్దరి మాటా వినాలి" అన్నాడు. ఆ పిల్ల తండ్రి ముఖంలోకి ఒక్కసారి చూసి తల దించుకుంది. తల్లికి అడ్డుపడాలనిపించింది. కానీ ఏమంటుంది? వాదనలో ఆయన్ని గెలిచినవాళ్ళు లేరు. ఓడిపోయినా ఒప్పుకోడు గనక!

ఎండలు మండిపోతున్న రోజులు. ఆయన కొత్తగా కొనుక్కొచ్చిన నల్లటి పాత వోల్టుమీటరు భోజనాల బల్లమీద కొలువుతీరింది. నలుగురు తినే చోట దానికేం పనో ఆయనకే తెలియాలి! దుమ్ము కొట్టుకుపోయి ఉందని, ఇల్లాలు దాని అద్దాన్ని పాత పట్టుగుడ్డతో మెరిసేదాకా రుద్ది వంటింట్లోకి వెళ్ళింది. కంచాలు పెట్టడానికి కూతురు దాన్ని జాగ్రత్తగా ఎత్తి అలమరలో పెడుతుండగా మాస్టారు లోపలికొచ్చాడు.

ముల్లు సున్నా దగ్గర లేదు! ఏ తీగా తగిలించకుండానే ఎగబాకి మధ్యలో నిలబడిపోయింది.

"పడేశావా?"

"లేదు నాన్నా. మెల్లగానే పెట్టాను."

"మెల్లగా పెడితే ముల్లు వంగుతుందా? నూరేళ్ళు బతికొచ్చిన వస్తువు! పడేశానంటే పోయేది కదా... అబద్ధమెందుకు?"

"ఒట్టు నాన్నా, నేను పడెయ్యలేదు!"

ఆ తరవాత ఆయన నోటినుంచి వచ్చిన మాట వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి చెవిలో సీసం పోసినట్టయింది.

"అక్కడా ఇలాగే చెప్పి ఉంటావు."

కంచాలు బల్లమీదే ఉండిపోయాయి. కూతురు ఏడవలేదు... ఏడ్చినా బాగుండేది! గదిలోకి వెళ్ళి పెట్టె సర్దుకుంది. "ఎక్కడికే తల్లీ?" అని తల్లి చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది.

"అక్కడ నా మాట ఎవరూ నమ్మలేదని ఇక్కడికొచ్చానమ్మా. ఇక్కడా నమ్మకపోతే... ఇంకెక్కడికని రాను?"

ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్లో చేరింది. అమ్మ ఫోన్ చేస్తే "తిన్నాను, బాగున్నాను" అంటుంది. మూడో మాట ఉండదు. మాస్టారు ఆ మీటరుని శవాన్ని సర్దినట్టు చెక్కపెట్టెలో పెట్టి అటకెక్కించాడు. మళ్ళీ దాని ముఖం చూడలేదు. ఇంట్లో ఇద్దరు మనుషులూ, నిండా మీటర్లూ... కొలవడానికి మాత్రం ఏమీ మిగల్లేదు!

ఒక మధ్యాహ్నం ఆమెకి ఉండబట్టలేదు. నా బిడ్డని నాకు కాకుండా చేసిన ఆ ముల్లెలా ఉందో చూద్దామని పెట్టె దింపి మూత తీసింది. ముల్లు బుద్ధిగా సున్నామీద ఉంది! ఎవరూ వైద్యం చెయ్యకుండానే లేచి కూర్చున్న రోగిలా! ఆమె నమ్మలేక, సరిగ్గా కనబడాలని పట్టుగుడ్డతో అద్దం రుద్దింది. ముల్లు వణికి, పైకి లేచి, మధ్యలో ఆగిపోయింది.

"ఏవండీ!" ఆమె కేకకి మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. "నేనేం చెయ్యలేదండీ, తుడిచానంతే!"

ఆయన ముల్లు వంక చూశాడు. ఆమె చేతిలోని పట్టుగుడ్డ వంక చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. వంగి, కళ్ళజోడు తుడుచుకునేవాడిలా ఆ అద్దంమీద నోటితో ఆవిరి ఊదాడు. ముల్లు మెల్లగా సున్నాకి దిగింది.

"పొడిగుడ్డతో రుద్దితే అద్దం కరెంటు పట్టుకుంటుంది..." గొణిగాడు. "ముల్లుని లాగేస్తుంది. ఎండాకాలమైతే మరీను. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాణ్ణి..."

"తెలుసన్నమాట!" అందామె. "అయితే తుడిచిందాన్ని నేను. దోషం నాదని రాసుకోండి. కానీ పిల్ల ఒట్టు పెట్టినప్పుడు ఒక్కసారి నోటితో ఊది చూడలేకపోయారా? అంతకంటే ఖర్చేముందండీ దీనికి?"

"సరే... మీటరు బాగానే ఉందని ఫోన్ చేసి చెప్పు. ఇంటికి రమ్మను."

"నేను చెప్పను. ఆ మాట అన్న నోటితోనే మీరే చెప్పండి!"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన చెప్పులేసుకున్నాడు. మీటరుని ఆ పట్టుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, టాక్సీలో ఆమె పక్కన దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

హాస్టల్ ముందుగదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఆగిపోయిన గడియారం. కూతురొచ్చింది. చిక్కిపోయింది. తండ్రి చేతిలో ఆ మూట చూసి గుమ్మం దగ్గరే ఆగింది.

మాస్టారు మీటరు విప్పి పాఠం మొదలుపెట్టాడు! పట్టుగుడ్డతో రుద్ది చూపించాడు, ఆవిరి ఊది చూపించాడు. గాలిలో తేమ గురించీ, అద్దానికి పట్టే కరెంటు గురించీ గబగబా చెప్పుకుపోయాడు... ఆగితే ఇంకేదో చెప్పాల్సి వస్తుందన్నట్టు! తల్లి నెత్తి కొట్టుకోబోయి, కూతురి ముఖం చూసి చెయ్యి దించేసింది.

కూతురు అంతా విన్నది.

"అంటే తప్పు అద్దానిదా నాన్నా?"

మాస్టారు పాఠం ఆపేశాడు. మీటరుని పక్క కుర్చీలో పెట్టేశాడు... పెట్టడం కాదు, జారవిడిచాడు. ఠంగుమంది. ఆయన అటు తిరిగి చూడనైనా లేదు! రెండు చేతులూ కూతురి వైపు చాచాడు.

"కాదమ్మా... తప్పు నాది. ముల్లుని నమ్మాను, నిన్ను నమ్మలేదు. ఈ మీటరు సంగతే కాదు తల్లీ... అక్కడి సంగతి నువ్వు మొదట చెప్పినప్పుడే నమ్మాల్సింది. నాదే తప్పు."