వచ్చారా? కూర్చోండి

శ్రవణ గ్రంథాలయంలో వరండా చివరి గదికి వచ్చిన అపకీర్తి అంతా ఇంతా కాదు. పొద్దుగూకిన తరువాత అటువైపు ఎవరూ తొంగిచూడరు. తాళం వేసిన గది, దీపం ఆర్పిన గది... రాత్రి తొమ్మిది కాగానే అందులోంచి ఒక స్త్రీ కంఠం వినవస్తుందని వాడుక.

"వచ్చారా? కూర్చోండి..."

ఆ కంఠం ఎవరిదో అందరికీ తెలుసు. ఆవిడ గతించి అప్పటికి రెండేళ్ళు.

ఈ వృత్తాంతం నాకు చెప్పినవాడు ఆవిడ తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. అందరూ 'వైర్లాయన' అంటారు. ఒకనాటి రాత్రి మా అరుగు మీద కూర్చుని అతడు చెప్పినట్టే చెబుతాను.

ఆ గ్రంథాలయానికి వచ్చేవారు చూపు లేనివారు. పుస్తకాలను చెవితో చదువుతారు. తెర కనబడదు గనుక, పెన్‌డ్రైవు గుచ్చగానే ఆ చివరి గదిలోని కంప్యూటరు యంత్రం దానంతటదే మేలుకునేలా వైర్లాయన ఒక స్క్రిప్టు, అంటే ఆదేశాల వరుస, రాసిపెట్టాడు. ముందు అక్క గొంతు పలకరిస్తుంది. పిమ్మట ఆ వారపు పుస్తకం పెన్‌డ్రైవులోకి ఎక్కుతుంది. ఆ పుస్తకాలు చదివి రికార్డు చేసిందీ అక్కే.

ఇద్దరే ఉన్న ఇంట్లో ఒక్కడు మిగిలాడు. అప్పటినుంచి అతడు ఆ గది గడప తొక్కలేదు.

ఒకరోజు గ్రంథాలయ కార్యదర్శి ఫోను చేశారు.

"ఏమయ్యా వైర్లాయనా, మీ అక్కయ్య బతికినన్నాళ్ళూ ఒకరి జోలికి పోని మనిషి. ఇప్పుడీ రాత్రి పలకరింపులేమిటి? ఊడ్చే మనిషి మానేసింది. రేపు పొద్దుటికి తేల్చావా సరే, లేదా ఆ గొంతు తీసేసి గంట మోత పెట్టించేస్తాను."

"ఒక్క రాత్రి ఇవ్వండి."

గొంతు నకలు అతనింట్లో లేకపోలేదు. కానీ, ఆ ఇంట్లో అది ఎవరిని పలకరిస్తుంది?

చీకటి పడుతుండగా వెళ్ళాడు. ఏ పుస్తకం ఎప్పుడు ఎక్కిందో యంత్రం రాసుకునే నకళ్ళ పట్టీ తీసి చూశాడు. ముందురోజు చివరి పుస్తకం ఎక్కింది సాయంత్రం అయిదింటికి. తొమ్మిదింటికి ఏమీ లేదు. పలకరింపు జరిగింది, పుస్తకం ఎక్కలేదు! యూఎస్‌బీ రంధ్రం వదులైందేమోనని కదిపి చూశాడు... బిగువుగానే ఉంది. తొమ్మిదింటికి మేలుకొమ్మని ఎవరైనా యంత్రానికి అలారం పెట్టారా? అదీ లేదు.

ఏదీ గుచ్చకుండా స్క్రిప్టు మేలుకోదు. తాళం వేసిన గదిలో గుచ్చేదెవరు?

పక్క గదిలో దీపం ఆర్పి, రెండు గదుల నడుమ తలుపు ఓరగా చేరవేసి కూర్చున్నాడు. వరండాలో ఎక్కడో నీటిచుక్క పడుతోంది. ఎనిమిదిన్నర... ఎనిమిదీ ముప్పావు...

తొమ్మిది దాటింది.

మెత్తని అడుగులు. చెప్పులు లేని అడుగులు. ఆగాయి. టక్కుమని చిన్న చప్పుడు —

"వచ్చారా? కూర్చోండి..."

రెండేళ్ళ తరువాత విన్నాడు. అంతలో — ఆ చీకటిలోంచి — మరొక గొంతు గుసగుసగా బదులు పలికింది.

"వచ్చానమ్మా. ఇవాళ కాస్త ఆలస్యమైంది."

 వైర్లాయన కళ్ళు మూసుకుని తలుపు నెట్టాడు.

తెర వెలుగులో, ముక్కాలిపీట మీద, నడుముకు తాళంచెవులు, మోకాలిపై టోపీ పెట్టుకుని — గ్రంథాలయానికి రాత్రి కాపలా కాసే తాత! అతని పాత ఫోను యంత్రానికి గుచ్చి ఉంది.

"బాబూ... ఎవరితోనూ అనకండి," అన్నాడు తాత లేచి నిలబడి. "నా గదిలో ప్లగ్గు కాలిపోయింది. ఛార్జింగుకని ఒకనాడు ఇక్కడ పెట్టాను. మొదటిరోజు హడలి చచ్చాననుకోండి. రెండోరోజు..."

తాత ఫోను వైపు చూపించాడు.

"ఈ ఫోనుకి ఎవరూ చెయ్యరండీ. రోజంతా ఉంచినా ఛార్జింగు దిగనే దిగదు. అయినా తెచ్చి పెడుతున్నాను."

"మరి దెయ్యమని పుకారు పుట్టించింది నువ్వేనా?"

"రామ రామ! నేనెందుకంటాను? అన్నవాళ్ళని కాదనలేదు, అంతే."

వైర్లాయనకు అప్పుడు అర్థమైంది. పెన్‌డ్రైవు అయితేనే మేలుకొమ్మని రాయవలసినచోట, ఏది గుచ్చినా మేలుకొమ్మని రాశాడు. ఫోనులో పుస్తకానికి చోటు దొరక్క, స్క్రిప్టు పలకరించి ఊరుకుంటోంది. పట్టీలో జాడ ఉండటం లేదు. ఆనాడు అడ్డుకట్ట రాయబోతే వెనక నిలబడి వద్దన్నది అక్కే. 'పలకరించడానికి కూడా మనిషిని ఎంచుతార్ట్రా?' అని నవ్వింది.

దిద్దడానికి ఒక్క పంక్తి చాలు. మీటల మీద వేళ్ళు పెట్టాడు.

"ఇక పలకదా బాబూ?" అన్నాడు తాత.

అతడు మేజా మీది ఇయర్‌ఫోన్లు యంత్రానికి తగిలించాడు. తరువాత దిద్దాడు. పెన్‌డ్రైవు గుచ్చితే గొంతు గదంతా వినబడుతుంది. ఫోను గుచ్చితే మాత్రం మేజా మీది ఇయర్‌ఫోన్లలోనే, పెట్టుకున్న మనిషికే.

తెల్లవారాక కార్యదర్శి అడిగారు, "పోయిందా?"

"ఇక ఎవరినీ భయపెట్టదండి," అన్నాడు. గంట మోత మాట మళ్ళీ రాలేదు.

ఇంతవరకూ చెప్పి వైర్లాయన లేచాడు. ఇంకాసేపు ఉండమన్నాను. అతడు చేతి గడియారం చూసుకుని, జేబులోంచి ఫోను వైరు తీసి, చిక్కు విప్పుకుంటూ మెట్లు దిగాడు.

"తొమ్మిదిన్నర కావస్తోందండీ. ఈపాటికి తాతది అయిపోయి ఉంటుంది... ఇక నా వంతు."