పెట్టె ముసలమ్మ

మామిడి పూతకి మందు కొట్టే మనుషుల కోసం ఇన్నమ్మ ఫ్లాస్కులో టీ పోస్తుంటే, వరండాలోంచి తన గొంతు తనకే వినిపించింది.

“ఇప్పుడు కాదు నాన్నా. కాపు రానీ.”

ఆ వెంటనే ఎవరో కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఇన్నమ్మ చెయ్యి ఆగింది, టీ కాస్త కింద ఒలికింది. ఆగిరిపల్లిలో ఆ మాట అందరూ అంటారు గానీ, ఆ సాగదీత మాత్రం ఆవిడదే. వెళ్ళి చూస్తే వరండాలో కోడలు షాలోమి ఫోను చూస్తోంది. అత్తగారు కనబడగానే గభాల్న ఒళ్ళో బోర్లించింది. అలా బోర్లించకుండా ఉంటే ఇన్నమ్మ అంత పట్టించుకునేది కాదేమో.

“ఏంటమ్మాయ్ అది? నా గొంతులా ఉందే!”

“ఏం లేదత్తయ్యా. మీ అబ్బాయి చేసిన ఆట. ఎవరో ఆడి యూట్యూబ్‌లో పెట్టారు.”

“ఏదీ, ఇలా తే.”

ఫోనులో ఒక వీరుడు నిలబడ్డాడు. ఎదురుగా ట్రంకుపెట్టె మీద ఒక ముసలమ్మ, బొడ్లో తాళంచెవి. వీరుడు కత్తి కొనుక్కోవడానికి డబ్బులడిగాడు. ముసలమ్మ ఇన్నమ్మ గొంతుతో కాపు రానీ అంది. ఆడేవాడు నెత్తి కొట్టుకుని, “ఈ పిసినారి ముసల్దాన్ని చంపే ఆప్షన్ పెట్టు బ్రో!” అని అరిచాడు. కింద కామెంట్లు ఏం రాశారో చదవమంది ఇన్నమ్మ. షాలోమి చదివేసింది. ఆ పిల్లకి అబద్ధమాడటం రాదు, అదొక్కటే తన తప్పు.

ఇన్నమ్మ కొడుకు చార్లెస్ నూజివీడులో మొబైల్ రిపేర్లు చేస్తాడు. సాయంత్రం ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. చిన్నప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో ఆడిన ఒక పాత ఆటంటే అతనికి ప్రాణం. చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది గానీ, అభిమానులు మర్చిపోలేదు. ఎవరికి వారు అదే ఆటని కొత్తగా తయారుచేసి ఊరికే పంచిపెడుతుంటారు. పైసా రాదు. అసలు ఆటలో రాక్షసుడు చచ్చినప్పుడల్లా బంగారం రాలుతుంది. చార్లెస్ దాన్ని మార్చేశాడు. బంగారం ఏడాదికి ఒక్కసారి, వేసవిలో వస్తుంది. ఇల్లూ, యుద్ధమూ రెండూ దాంతోనే నడవాలి. ఆ బంగారం ఉన్న పెట్టె ముసలమ్మ చేతిలో ఉంటుంది. ఐదెకరాల మామిడి మీద పెరిగినవాడికి ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడగక్కర్లేదు. అతను ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి సవరయ్య పోయాడు. అప్పట్నుంచీ బీరువా తాళం ఇన్నమ్మదే.

మధ్యాహ్నం చార్లెస్ భోజనానికి వచ్చాడు. కంచం పక్కన బీరువా తాళంచెవి పెట్టింది ఇన్నమ్మ.

“ఇదేంటమ్మా?”

“పిసినారి ముసల్దాని దగ్గరెందుకు, నువ్వే ఉంచుకో. నేను విస్సన్నపేట పోతున్నా, మా చెల్లి దగ్గరికి.”

చార్లెస్ పెళ్ళాం వైపు గుర్రుగా చూశాడు.

“ఆ పిల్లని చూస్తావేంట్రా? నా గొంతు ఎప్పుడు పట్టావ్?”

“పోయినేడు బండి రిపేరుకి డబ్బులడిగినప్పుడు. ఫోన్లో రికార్డ్ చేశా.”

“నన్నడిగి చేశావా?”

“అడిగితే కాపు రానీ అంటావుగా,” అన్నాడు నవ్వబోతూ. ఎవరూ నవ్వలేదు.

“లోకంలో పనీపాటా లేని వాళ్ళందరిచేతా తిట్టించడానికి కన్నతల్లే దొరికిందా నీకు?”

అప్పటికి తగ్గిపోతే సరిపోయేది. కానీ చార్లెస్‌కి కూడా రోషం వచ్చింది. “నేనేం లేనిది పెట్టానా? విజయవాడలో యానిమేషన్ కోర్సులో సీటొస్తే ఏమన్నావ్? కాపు రానీ అన్నావ్. వచ్చింది, గాలివానకి కాయంతా నేలపాలైంది. ఆ ఏడూ పంపలేదు, పై ఏడూ పంపలేదు. బీరువాలో డబ్బుండి కూడా ఇవ్వలేదు. నా కళ్ళతో చూశానమ్మా!”

ఆ డబ్బు పై ఏడు తోట మందులకీ, మళ్ళీ వేసవి దాకా బియ్యానికీ దాచానని ఇన్నమ్మ చెప్పొచ్చు. చెప్పలేదు. కొడుకు ఇన్నేళ్ళూ తనని అలాగే చూశాడన్న మాట దగ్గరే ఆవిడ ఆగిపోయింది. షాలోమి అన్నం గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

“ఆ ఆటలో ముసలమ్మగా నేను ఆడొచ్చా?” అని ఉన్నట్టుండి అడిగింది ఇన్నమ్మ.

“కుదరదు. వీరుడిగానే ఆడాలి.”

“మార్చలేవా?”

“మార్చొచ్చు... ఎందుకూ?”

“మార్చు. అదేదో చూసి పోతా.”

చార్లెస్ ఆ వారమంతా దాని మీదే కూర్చున్నాడు. తల్లీకొడుకులకి మాటల్లేవు. కంచం పక్కన పెట్టిన తాళంచెవిని షాలోమి మేకుకి తగిలించింది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం గుళ్ళో ఫాదరుగారి పూజ అయి వచ్చాక ఇన్నమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. చార్లెస్ మౌస్ చేతికిచ్చి, రెండు బటన్లు చూపించాడు. ఒకటి ‘ఇవ్వు’, ఒకటి ‘ఇవ్వకు’.

వీరుడు వచ్చి కత్తి అడిగాడు. ఇన్నమ్మ ఇచ్చింది. గుర్రం అడిగాడు, ఇచ్చింది. స్నేహితులకి విందు చేస్తానన్నాడు. “చేసుకో నాన్నా,” అని ఇచ్చింది.

“అత్తయ్యా, గుర్రముందిగా, మళ్ళీ గుర్రమేంటి!” అంది షాలోమి నవ్వాపుకోలేక.

“అడుగుతున్నాడు కదే!”

ఆటలో వానలు వెనకబట్టక ముందే పెట్టె ఖాళీ అయింది. ‘ఇల్లు గడవలేదు, ఆట ముగిసింది’ అని వచ్చింది.

“ఇంత తొందరగా ఓడిపోయినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదమ్మా!” అన్నాడు చార్లెస్. “ఆ ముసలమ్మ పనే డబ్బు ఆపడం. ఆ సంగతి నీకు తెలీదా?”

“తెలీకేంరా?” ఇన్నమ్మ తెర వైపే చూస్తోంది. “ఆ రోజు సీటొచ్చిందని గుమ్మంలో నిలబడి అడిగావు చూడూ, ఇస్తానని నోటిదాకా వచ్చింది. ఇస్తే మనిద్దరం ఏం తినేవాళ్ళం? నువ్వడిగిన ప్రతిసారీ ఇవ్వాలనే ఉండేదిరా నాకు. ఒక్కసారన్నా కాదనకుండా ఇచ్చి చూద్దామని కూర్చున్నా. ఇక్కడ ఇల్లు గడవకపోయినా ఎవరూ పస్తుండరుగా.”

చార్లెస్ కుర్చీ పక్కన కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయిన మగాడు అలా వెక్కివెక్కి ఏడుస్తాడని షాలోమికి అప్పుడే తెలిసింది. మేకుకున్న తాళంచెవి తెచ్చి మెల్లిగా అత్తగారి చేతిలో పెట్టింది. తనూ కళ్ళు తుడుచుకుంది.

“తప్పయిపోయిందమ్మా. ఆ గొంతు ఇవాళే తీసేస్తా.”

“ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ, లే. ఆట మళ్ళీ పెట్టు.”

“మళ్ళీ ఓడిపోతావే!”

“ఓడిపోతే ఓడిపోతాను, నీకేంటంట?”

చార్లెస్ కళ్ళు తుడుచుకుని ఆట మొదలెట్టాడు. వీరుడు వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. వాడు నోరు తెరిచి అడక్కముందే ఇన్నమ్మ ‘ఇవ్వు’ నొక్కేసింది.