డ్యూటీలో ఉన్న మొగుడు

ఉదయం ఏడుంబావు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి లొరేన్ ఇంటికొచ్చేసరికి, మొగుడు డెల్మార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్ల లేసులు బిగించి, వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ముందు ల్యాప్‌టాప్, పక్కన లంచ్ డబ్బా. ఎక్కడికీ వెళ్ళడు మహానుభావుడు! పన్నెండు కొట్టగానే ఆ డబ్బా ఆ బల్ల మీదే తెరుచుకుని తింటాడు.

ఈరీ ఊళ్ళో అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఆరు వారాలైంది. ఉద్యోగం వెతుక్కోవడం కూడా ఉద్యోగమేనని, దానికీ వేళలు పెట్టుకోమని ఎవరో చెప్పారట. అంతే, పాత షిఫ్టు వేళలన్నీ ఓ కాగితమ్మీద ఫ్రిజ్ తలుపు మీదికెక్కాయి. తొమ్మిదిన్నర దాకా దరఖాస్తులు. పది నిమిషాలు బ్రేకు. ఆ తర్వాత ఫోన్లు. సాయంత్రం అయిదున్నరకి గానీ దొరగారు బల్ల దగ్గర్నుంచి లేవరు.

"డెల్, కాఫీ పెడతాను. కలిసి ఏమైనా తిందామా?"

"డ్యూటీలో ఉన్నాను లొరేన్. తొమ్మిదిన్నరకి చూద్దాం."

"అప్పటికి నేను నిద్రపోతుంటాను."

"అయితే ఆదివారం."

ఆదివారం! లొరేన్‌కి ఒళ్ళు మండిపోయింది. పందొమ్మిదేళ్ళుగా వింటున్న మాట అది. పొద్దున ఆమె వచ్చేసరికి అతను ఉండేవాడు కాదు. సాయంత్రం అతను వచ్చేసరికి ఆమె కారు తాళాలు పుచ్చుకుని గుమ్మంలో ఉండేది. ల్యాప్‌టాప్ మూత ఠపీమని మూసేసింది.

"ఎవడి డ్యూటీ అయ్యా ఇది? ఇది నా వంటిల్లు!"

"పని పాడుచెయ్యకు లొరేన్."

"ఒక మాట చెప్పనా? ఫ్యాక్టరీ మూసేశారని నువ్వు ఫోన్ చేసిన రోజు కారులో కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు. సంతోషంతో. ఇక పొద్దున్నే ఇంట్లో మొగుడుంటాడని."

డెల్మార్ మొహం పాలిపోయింది. "నా నోటికాడి కూడు పోతే సంతోషించావా?"

"సంతోషించాను. పాపమే, కాదనను. రేపో మాపో నీకు ఉద్యోగం దొరుకుతుంది, దొరకాలి కూడా. ఈ నాలుగు పొద్దులైనా నావనుకున్నాను డెల్. వాటినీ ఆ కాగితానికే ఇచ్చేశావు."

అతను తల దించుకునే అన్నాడు:

"నువ్వు ఒళ్ళు హూనం చేసుకుని వచ్చే వేళకి నేను ఖాళీగా కూర్చుంటే... నీకు చులకనైపోతానేమోనని భయం."

"పిచ్చివాడా! నువ్వు కనిపించడమే చాలు నాకు."

కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంది. డెల్మార్ లేచాడు. ఫ్రిజ్ తెరిచి రెండు గుడ్లు తీశాడు, పొయ్యి వెలిగించాడు, పెనం పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు.

"లొరేన్... నీకు గుడ్డు ఎలా ఇష్టం? ఉడకబెట్టనా, అట్టు వెయ్యనా?"

అడిగాక గానీ తెలియలేదు అతనికి, పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆ ముక్క తనకు తెలియదని. గుడ్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లొరేన్ చెబుదామనుకుంది. చెప్పకుండానే లేచి వెళ్ళి, అతని చేతిలోంచి ఒక గుడ్డు అందుకుంది.