సగం షాక్

“ఆగండి మాస్టారూ! కాల్చేస్తాను!”

ఆగడు.

మిట్టమధ్యాహ్నం. ఆస్పత్రి వెనక మెట్లు. రెండేసి మెట్లు దూకుతూ దిగిపోతున్నాడు ఇంజక్షన్ల మాస్టారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి! మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి! చంకలో నీలం అట్ట రిజిస్టర్.

వెనకే ఎస్సై. చేతిలో పిస్టల్.

ఆ రిజిస్టర్ ఆమెకు కావాలి. కావాలంతే!

పదకొండు రోజుల కిందట ఆమె చెల్లెలు చచ్చిపోయింది. ఇరవై ఆరేళ్ళు. ఇక్కడే జ్వరాల వార్డులో నర్సు. ఆ జ్వరానికి వార్డు సిబ్బందికిచ్చే కొత్త డీఎన్ఏ టీకా ట్రయల్‌లో చేరింది. రెండు డోసులూ వేయించుకుంది. అయినా అదే జ్వరం మింగేసింది!

పొద్దున పెద్ద డాక్టరు చెప్పిన మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

“మందు ఒంట్లోకి వెళ్తే చాలదమ్మా. కణాల్లోకి దూరాలి. అందుకే సూది దింపి, అక్కడే చిన్న కరెంటు షాక్ ఇస్తాం. కణం తలుపు రెప్పపాటు తెరుచుకుంటుంది. షాక్ సరిగ్గా పడినవాళ్ళకి యాంటీబాడీలు బోలెడు. మీ చెల్లికి లేనట్టే... ఇంకో ఐదు రక్తం శాంపిళ్ళు కూడా ఇంతే. ఎవరో షాక్ తగ్గించారు!”

“ఆ ఐదుగురూ ఎవరు?”

“శాంపిళ్ళ మీద నంబర్లే ఉంటాయి. పేర్లు రిజిస్టర్‌లో ఉన్నాయి.”

తీరా చూస్తే బీరువా ఖాళీ. రిజిస్టర్‌తో మాస్టారు పరుగు!

మెత్తచెయ్యి మాస్టారట! సూది దిగినట్టే తెలియదట! చెల్లెలి శవం మీద పడి భోరుమన్నది ఈ మనిషేనా? ఛీ!

పెరడు. చెత్త కాల్చే బట్టీ. మాస్టారు ఇనుప తలుపు లాగాడు. మంట భగ్గుమంది. రిజిస్టర్ ఎత్తాడు...

ఢాం!

భుజంలో దిగింది తూటా. రిజిస్టర్ ఎగిరి బూడిదలో పడింది. మాస్టారు గోడకు జారగిలబడిపోయాడు.

“ఏం పాపం చేసిందయ్యా అది? నిన్ను నోరారా బాబాయ్ అని పిలిచేది!”

“నొప్పమ్మా... ఆ షాక్ మహా నొప్పి. కండ మెలిపెట్టినట్టుంటుంది. ఏడ్చేవాళ్ళు. చూడలేక ఆరుగురికి సగానికి తగ్గించాను. కాస్త తక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను... నా చేతులు పడిపోను!”

“మిగతా ఐదుగురూ ఎక్కడ?”

“వార్డులో... డ్యూటీలోనే.”

“తెలిసీ కాల్చబోయావా?!”

“ఇది కాల్చేశాక వాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. పేర్లు నోటికొచ్చు. పుస్తకం మాత్రం వద్దు తల్లీ... చదవకు. నీ కాళ్ళు పట్టుకుంటాను!”

ఆమె రిజిస్టర్ తెరిచింది.

ట్రయల్ రూలు ఒకటుంది. ఏ చిన్న మార్పు చేసినా కారణం రాయాలి. కొట్టేయకూడదు. చెరపకూడదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మాస్టారు ఒక్క అబద్ధం రాసి ఎరగడు.

సగం షాక్. కారణం: ఏడుస్తోంది.

సగం షాక్. కారణం: తట్టుకోలేకపోతున్నాడు.

అలా ఐదు. ఆరోది చెల్లెలి పేరు. రెండో డోసు. సగం షాక్.

కారణం: అక్కగారు ఫోన్ చేసి, నొప్పి లేకుండా ఇమ్మన్నారు.

ఆమె ఆ లైను మళ్ళీ చదివింది.

చేసింది... అవును, చేసింది! జీపులోంచి, హడావిడిలో! మాస్టారూ, మొదటిసారి వేయించుకుని రాత్రంతా ఏడ్చింది, అమ్మ పోయాక దాన్ని నేనే పెంచాను, అది ఏడిస్తే నేను చూడలేను, కాస్త మెల్లిగా కానివ్వండి అని. అలా కుదరదమ్మా అని ఆయన ఏదో అనబోయాడు. నేను చెబుతున్నాగా! అని పోలీసు గొంతుతో కసిరి ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఆ మాటే మర్చిపోయింది.

“ఆ మాట నీకు తెలియకుండానే పోవాలనుకున్నాను తల్లీ...” మాస్టారు ఏడుస్తున్నాడు.

బట్టీ తలుపు తెరిచే ఉంది. ఒక్క విసురు చాలు. ఎవరికీ తెలియదు.

అయ్యో చెల్లీ! నొప్పి పడకూడదనే కదే అడిగాను!

వాకీటాకీ తీసింది. ఐదు పేర్లూ ఒక్కొక్కటే చదివింది.

“వీళ్ళని ఇప్పుడే వార్డులోంచి బయటికి పంపండి! వీళ్ళకి టీకా పనిచెయ్యలేదు. స్ట్రెచర్ ఒకటి పెరట్లోకి... త్వరగా!”

కానిస్టేబుల్ రొప్పుతూ వచ్చాడు. రక్తం చూసి గతుక్కుమన్నాడు. ఆమె పిస్టల్, రిజిస్టర్ రెండూ అతని చేతిలో పెట్టింది. కర్చీఫ్‌తో మాస్టారు భుజం అదిమిపట్టి కింద కూర్చుంది.

“మేడమ్... మరి కేసులో ఏం రాయను?”

“ఆయన పేరు రాయి. పక్కన నా పేరు కూడా.”

“సాక్షిగానా మేడమ్?”

“కాదు... ముద్దాయిగా.”