ఎనిమిదో ఇల్లు

డిసెంబరు రెండో వారం వచ్చినా తన ఇంటి మీద స్టార్ లేదన్న సంగతి బాల్‌రాజ్ ఆ ఉదయం డాబా మీద పళ్ళు తోముకుంటూ గమనించాడు. వీధిలో అందరి ఇళ్ళ మీదా స్టార్లు వేలాడుతున్నాయి. క్రిస్మస్‌తో ఏ సంబంధమూ లేని ఎదురింటివాళ్ళు కూడా పిల్లల ముచ్చట కోసం ఒకటి కట్టుకున్నారు. మొయినాబాద్‌లో ఇరవై రెండేళ్ళుగా చర్చి సంఘ పెద్దగా ఉన్న మనిషి ఇంటి మీద మాత్రం నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేదు.

నురగ నోటితోనే కిందికి దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"స్టార్ ఏడున్నది?"

"సజ్జ మీద," అంది నిర్మలమ్మ, టీ వడపోస్తూ.

"మరి కట్టలేదేంది?"

"ఉండనీ."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో భార్య ఒక్కొక్క మాటతో సరిపెడుతోందంటే దాని వెనక ఏదో ఉందని ఆయనకు తెలియకపోలేదు. కానీ ఆ రోజు తీరిక లేదు. ఆ రోజు ఆయన సక్కుబాయి ఇంటికి ఆదరణకు వెళ్ళాలి.

వాళ్ళ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆ ఏడాది చావు జరిగిన ఇళ్ళకు క్రిస్మస్‌కు ముందు సంఘ పెద్ద వెళ్తాడు. ఒక కేకు, ఒక కొవ్వొత్తి ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, ప్రార్థన చేసి వస్తాడు. ఆ తరువాతే ఆ ఇంటివాళ్ళు స్టార్ కడతారు, పిండివంటలకు పొయ్యి వెలిగిస్తారు. ఈ పని బాల్‌రాజ్‌ది. ఎవరూ అప్పగించలేదు, తనే పట్టుకున్నాడు, మరొకరి చేతికి పోనివ్వలేదు. దానికోసం ఒక సంచీ ఉంది, సంచీలో ఒక డైరీ ఉంది, నోట్లో ఒక ప్రసంగం ఉంది. మనమందరం ఈ లోకంలో కిరాయికుంటున్నాం, ఓనరు పిలిచినప్పుడు ఇల్లు ఖాళీ చేయాలి అని మొదలయ్యే ఆ ప్రసంగం పసిబిడ్డ పోయినా, పండు ముసలి పోయినా ఒకటే. ఈ ఏడాది డైరీలో ఏడు ఇళ్ళున్నాయి. ఆరు అయిపోయాయి.

నోరు కడుక్కుని వచ్చి, తనే స్టూలు వేసుకుని ఎక్కాడు. దొంతన్‌పల్లి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే కూతురు సమత అప్పుడే టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. స్టూలు పట్టుకోమంటే తల్లి వైపు చూసింది.

"బాపు, ముందు అమ్మనడుగు," అంది మెల్లగా.

నిర్మలమ్మ స్టవ్ ఆపి వచ్చింది. "దిగు. చావైన ఇంటికి పెద్దలు రాకముందు స్టార్ ఎట్ల కడ్తవు?"

"ఎవరి చావు?" అన్నాడు బాల్‌రాజ్.

ఆ మాట నోరు దాటాక గానీ అదెంత పెద్ద తప్పో ఆయనకు అర్థం కాలేదు. సమత కళ్ళు మూసుకుంది.

నిర్మలమ్మ తల్లి ప్రమీలమ్మ ఆగస్టులో పోయింది. తొమ్మిదేళ్ళు ఈ ఇంట్లోనే ఉండి, ముందుగదిలోని మంచం మీదే కన్నుమూసింది. అల్లుడంటే ఆమెకు ప్రాణం, అల్లుడి ప్రార్థనంటే మాత్రం విసుగు. బాల్‌రాజ్ ప్రార్థన ఇంటితో మొదలై, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం దాటి దేశ నాయకుల దాకా పోయేది. ప్రమీలమ్మ మోకాళ్ళు అంత దూరం ప్రయాణం చేయలేవు. అందుకని మండలం రాగానే గట్టిగా "ఆమెన్" అనేసేది. అందరూ ఆమెన్ అని లేచిపోయేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఒక్క ప్రార్థన కూడా మొయినాబాద్ మండలం పొలిమేర దాటలేదు. ఆయన అలిగేవాడు, ఆమె నవ్వేది.

ఇప్పుడు బాల్‌రాజ్ స్టూలు దిగి తన వాదన వినిపించాడు. అత్తమ్మను పక్క మండలంలోని ఆమె సొంతూరు ప్రొద్దుటూరులో మామ పక్కన సమాధి చేశారు. కాబట్టి లెక్క ప్రకారం ఆ చావు ప్రొద్దుటూరు సంఘంలోకి వస్తుంది, అక్కడి పెద్దలు నిర్మలమ్మ తమ్ముడి ఇంటికి పోయే ఉంటారు, ఇది ఇక్కడి లిస్టులోది కాదు.

"పానం పోయిందేడ?" అడిగింది నిర్మలమ్మ.

"ఈడనే. గని సమాధి..."

"సమాధినా ఆదరించేది?"

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఇరవై రెండేళ్ళ పెద్దరికం ఊరుకోనిస్తుందా! టెంటు తనే వేయించాడట, మూడు వందల మందికి తనే వంట చేయించాడట, ఒక్కరూ ఆకలితో పోలేదట. ఇంతకన్నా ఏ అల్లుడు చేస్తాడని అడిగాడు.

నిర్మలమ్మ గొంతు పెంచలేదు. "అవును, చేసినవు. కుర్చీలు సరిపోయినయా అని అందర్ని అడిగినవు. నా పక్కన ఒక్క నిమిషం కూసున్నవా? ఊర్ల ఎవరింట్ల ఏడుపు వినబడ్డా సంచి ఏసుకొని పోతవు. నాలుగు నెలల సంది ఈ వంటింట్ల నేను ఏడుస్తున్న. నీకు వినబడలె."

బాల్‌రాజ్ సంచీ తగిలించుకుని బయటపడ్డాడు. దాన్ని పారిపోవడం అంటారని ఆయన ఒప్పుకోడు.

చేవెళ్ళలో బేకరీ దగ్గర కేకు కట్టించుకుని, పక్కూరు హిమాయత్‌నగర్‌లోని సక్కుబాయి ఇంటిదాకా స్కూటర్ మీద భార్యకు మంచి మంచి జవాబులు చెప్పుకుంటూ వెళ్ళాడు. ఒక్కటీ ఇంట్లో ఉండగా తట్టలేదు. నిజానికి ఇప్పుడు తట్టినవి కూడా అంత మంచివేమీ కావు.

భర్త పోయిన సక్కుబాయి వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. బాల్‌రాజ్ కేకు ఇచ్చి, కొవ్వొత్తి ఇచ్చి, కిరాయి ఇంటి ప్రసంగం చివరిదాకా చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"మంచిగ చెప్పినవన్న," అంది, వెటకారమేమీ లేకుండా. "మా అత్త పోయిన్నాడు గూడ గిదే చెప్పినవు."

బాల్‌రాజ్ నీళ్ళు అడిగి తాగాడు.

"నిర్మలక్క మంచిగున్నదా?" అడిగింది సక్కుబాయి. "బేస్తవారం బేస్తవారం వస్తది. ఏం మాట్లాడదు. నా పక్కన కూసొని కాయలు ఒలుస్తది. అదే నాకు మస్తు ధైర్యం. పోయిన వారం ఒలుసుకుంటనే ఏడ్సింది. వాళ్ళమ్మ యాదికొచ్చిందంట. మీ ఇంటికి పెద్దలు ఎవరొచ్చిన్రన్న?"

బాల్‌రాజ్ సంచీ భుజం మీద సర్దుకున్నాడు.

"ఇయ్యాల వస్తున్నరు," అన్నాడు.

ప్రార్థన ముగించి స్కూటర్‌ను మళ్ళీ చేవెళ్ళ వైపు తిప్పాడు. బేకరీలో మరో కేకు కట్టించుకున్నాడు. డైరీ తీసి ఎనిమిదో ఇల్లుగా తన పేరు రాశాడు. ఒక క్షణం చూసి, దాన్ని కొట్టేసి, ప్రమీలమ్మ కూతురు నిర్మల అని రాశాడు.

సాయంత్రం ఐదింటికి ఆ ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీసే ఉన్న తలుపును తట్టేదెవరా అని ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన సమత వెళ్ళి చూసింది. మెడ దాకా గుండీలు పెట్టుకుని, చెప్పులు బయట విడిచి, ఒక చేత్తో కేకు, మరో చేత్తో కొవ్వొత్తి పట్టుకుని తండ్రి నిలబడి ఉన్నాడు.

"సంఘం నుంచి వచ్చిన," అన్నాడు.

సమత నవ్వు ఆపుకుని, "అమ్మా, నీకోసం పెద్దమనిషి వచ్చిండు," అని పిలిచింది.

నిర్మలమ్మ వచ్చి ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. వచ్చినవాళ్ళకు ఇచ్చినట్టే స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చి, తల్లి మంచం అంచున కూర్చుంది. మంచం మీద ప్రమీలమ్మ దుప్పటి మడతపెట్టి అలాగే ఉంది.

బాల్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. "మనమందరం ఈ లోకంల..."

"కిరాయికుంటున్నం. ఓనరు పిలిస్తే ఖాళీ చేయాలె. తెల్సు. ఇంకేమన్న చెప్పు."

ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళలో ఇంకేమైనా అవసరమవుతుందని ఆయన అనుకోలేదు. తల వంచుకుని గ్లాసు కింద పెట్టాడు.

"నేను మొదటిసారి గీ ముచ్చట చెప్పిన్నాడు అత్తమ్మ అందరి ముందట అడిగింది," అన్నాడు మెల్లగా. "అల్లుడా, మరి ఓనరు అడ్వాన్సు తిరిగిస్తడా అని. ఇప్పటిదాక నాకు జవాబు దొరకలె."

నిర్మలమ్మ పెదవులు కదిలాయి. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"ప్రార్థన చెయ్యి," అంది.

ఆగస్టు నుంచి ఆ ఇంట్లో అందరూ కలిసి ప్రార్థన చేసుకోలేదు. పని ఎక్కువైందని బాల్‌రాజ్ చెబుతూ వచ్చాడు, తనూ నమ్మాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఇంటి కోసం ప్రార్థించాడు, ఊరి కోసం ప్రార్థించాడు. "ప్రభువా, మా మొయినాబాద్ మండలాన్ని..." అని, అలవాటుకొద్దీ ఆగాడు.

మంచం మీదినుంచి ఏ గొంతూ వినిపించలేదు. ఫ్యాను తిరుగుతోంది. జిల్లాకు వెళ్ళవచ్చు, రాష్ట్రానికి వెళ్ళవచ్చు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. తొమ్మిదేళ్ళు ఆయన కోరుకున్నది అదే. కానీ ఒక్క మాట కూడా ముందుకు కదల్లేదు. ఊరందరినీ ఓదార్చిన మనిషి చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అత్తమ్మ లేదు నిర్మలా," అన్నాడు. "నన్ను ఎవరాపుతరు?"

నిర్మలమ్మ లేచి వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన మోచేయి పట్టుకుంది. తరువాత అచ్చం తల్లి గొంతుతో, వీధిలోకి వినిపించేటంత గట్టిగా, "ఆమెన్," అంది.

వంటింటి గుమ్మంలోంచి సమత కూడా, "ఆమెన్," అంది, కళ్ళు తుడుచుకుంటూ. ముగ్గురూ ఏడుస్తూనే నవ్వారు.

కాసేపటికి సమత స్టూలెక్కి సజ్జ మీది స్టార్ దించి డాబా మీదికి తీసుకుపోయింది. బాల్‌రాజ్ కొవ్వొత్తి వెలిగించి, కేకు కోసి భార్య చేతిలో పెట్టాడు. ఇక పెద్దగా ఏదో ఒకటి చెప్పాలి కదా అని మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"ఏం చెప్పకు," అంది నిర్మలమ్మ. "జర సేపు కూసో."

ఆయన కుర్చీ వదిలి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.